జింకల వేటలో తేలికగుండు: మన పిల్లలకు కొన్ని మాటలు

(మన సంఘపు వారసమావేశమున ఒక వర్తక సభ్యుడు గావించిన ప్రసంగ పాఠము)



నేనీ విషయమును గూర్చి మాటలాడుదునని గతవారము చెప్పినప్పుడు కొందరు పెద్దలు నవ్విరి. “తూకములు వేసికొను వర్తకునికి తుపాకిగుండ్లతో నేమి పని?” అని యడిగిరి. మరికొందరు, జీవహింసను గూర్చి సభలో ప్రసంగ మేల యనిరి. వారి మాట నేను త్రోసివేయను. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము, దానికి 1991లో చేసిన సవరణము వచ్చిన పిమ్మట వినోదమునకై వేటాడుటకు తావు లేదు. అది మంచిదే. నేను చెప్పబోవునది అమెరికా మాట. మన కుటుంబముల పిల్లలు ఉద్యోగములకై అచ్చటికి పోయి యున్నారు. అచ్చట తెల్లతోక జింకల వేట చట్టసమ్మతము. ఏటేట వేట ఋతువు రాగానే ఇరుగుపొరుగువారు మన పిల్లలనుకూడ రమ్మని పిలుచుచున్నారు.

టెక్సాసులో నున్న నా మేనల్లుడు అట్లే పోయెను. ఎరువు తెచ్చుకొన్న తుపాకి పాయింట్ 223 కాలిబరుది. గుండు 55 గ్రెయిన్లది. “ఇది తేలిక, భుజమును తన్నదు, క్రొత్తవానికి మంచిది” అని యొక అంగడివాడు చెప్పెనట. గుండు తగిలినది గాని జింక పడలేదు. చీకటి పడువరకు వెదకిరి. మరునాటి యుదయమున ముళ్లపొదలలో దొరికినది. మాంసము చెడిపోయినది. గుండు జబ్బయెముకపై పడి, లోనికి పోకయే తునకలైనదట. “మామయ్యా, అది రాత్రియంతయు ప్రాణముతో నుండెనేమో” అని ఫోనులో చెప్పి వాడు మరి మాటలాడలేకపోయెను. నాటినుండి నేనీ సంగతి విచారించితిని. విచారించి తెలిసికొన్నదే మీకు మనవి చేయుదును.

మొదట తూకము. ఇది మనకు తెలిసిన విద్యయే. బ్రిటిషువారి కాలపు తులమునకు 180 గ్రెయిన్లు. నాటి వెండి రూపాయి తూకమును 180 గ్రెయిన్లే. పెద్ద తుపాకులలో వాడు 180 గ్రెయిన్ల గుండు సరిగా ఒక వెండిరూపాయి బరువన్నమాట. 100 గ్రెయిన్ల గుండు ఆరున్నర గ్రాములకు కొంచెము తక్కువ. మా వాడు వాడిన 55 గ్రెయిన్ల గుండు పాత వెండి పావలాకంటె కొంచెమే యెక్కువ.

అట్లయిన తేలికగుండు వాడుట తప్పా? కాదు. దాని సుగుణములు దానికి గలవు. తుపాకి వెనుకకు తన్నుట తగ్గును. తన్నునేమో యను భయము లేనివాడు మీట నొక్కునపుడు కన్ను మూయడు, చేయి అదరనీయడు. అందుచేత గురి కుదురును. బరువుగుండు పేల్చి గురి తప్పుటకంటె తేలికగుండు సరియైన చోట తగిలించుట వేయిరెట్లు మేలు. అయితే తేలికకును ఒక హద్దు గలదు. 55 గ్రెయిన్ల పాయింట్ 223 గుండు గొట్టమును వీడునపుడు సుమారు 1,280 అడుగు-పౌనుల శక్తి కలిగియుండును. 100 గ్రెయిన్ల పాయింట్ 243 గుండునకు సుమారు 1,940 ఉండును. అమెరికాలో ఒక్కొక్క రాష్ట్రమునకు ఒక్కొక్క నియమము. కొలరాడోలో జింకలకు కాలిబరు పాయింట్ 24కును, గుండు 70 గ్రెయిన్లకును తగ్గరాదు. టెక్సాసులో పాయింట్ 223 చెల్లును. కాని చట్టము చెల్లుననినదెల్ల చాలునని యర్థము కాదు.

రెండవది, తూకముకంటె ముఖ్యమైనది, గుండు కట్టుబడి. ఒకే తూకముగల రెండు గుండ్లు ఒకే పని చేయవు. పల్చని తొడుగుగల గుండ్లు నక్కలవంటి చిన్న జంతువుల కొరకు చేసినవి. అవి తాకినంతనే చిట్లిపోవును. జింకకు కావలసినది లోనికి దిగి, పువ్వువలె విచ్చుకొని, గుండె ఊపిరితిత్తులను చేరు గుండు. మా వానికి దొరికినది మొదటి జాతిది. తులము బంగారమని కొన్నవాడు మచ్చు చూడడా? అట్లే తూటాపెట్టె కొనువాడు గ్రెయిన్ల యంకె చూచి తృప్తిపడక, అది యే జంతువునకై చేసినదో చదివి కొనవలెను.

మూడవది, తుపాకికిని గుండునకును గల పొత్తు. గొట్టము లోపల మెలికగా చెక్కిన గాడులుండును. అవి గుండును తిప్పి తిన్నగా పంపును. పొడుగు గుండునకు బిగువైన మెలిక కావలెను. 1955లో రెండు పెద్ద కంపెనీలు ఒకే కాలిబరులో పోటీగా రెండు తూటాలను తెచ్చినవి. రెమింగ్టనువారు తేలికగుండ్లనే తలచి, 12 అంగుళములకు ఒక చుట్టు పెట్టిరి. వించెస్టరువారు 10 అంగుళములకు ఒక చుట్టు పెట్టిరి. అది 100 గ్రెయిన్ల జింకగుండును కూడ చక్కగా నడిపెను. కొనువారు ఒకే తుపాకి రెండు పనులకు రావలెనని వించెస్టరువైపు మరలిరి. రెమింగ్టనువారు 1963లో మెలిక బిగించి, పేరు మార్చి మరల తెచ్చిరి గాని పోయిన బేరము తిరిగి రాలేదు. వర్తకులమగు మన మీ కథను మరువరాదు. మన పిల్లలును గుండు కొనుటకు ముందు తమ తుపాకి మెలిక యెంతయో యడిగి తెలిసికొనవలెను. గుండు మార్చినచో గురియు మారును గనుక, క్రొత్త గుండుతో బల్లపై అభ్యాసము చేయక అడవికి పోరాదు.

నాలుగవది సీసము. సీసపుగుండు తునకలై మాంసమున కంటికి కానరాకుండ చేరును. 2008లో ఉత్తర డకోటా రాష్ట్రమున పేదలకు దానమిచ్చిన జింకమాంసములో సీసము కనబడగా, దానిని పంచవలదని అధికారులు చెప్పిరి. గర్భిణులకును చిన్నబిడ్డలకును సీసము విషము. కాలిఫోర్నియాలో 2019 జూలై నుండి వేటకు సీసపుగుండ్లు పూర్తిగా నిషిద్ధము. వాని స్థానమున రాగిగుండ్లు వచ్చినవి. రాగి సీసముకంటె తేలికయగుటచే, అదే పొడవునకు తూకము తగ్గును. స్కాట్లండులో పెద్దజింకలకు 100 గ్రెయిన్లుగా నున్న హద్దును 2023లో 80కి దించుటకు కారణ మిదియే. చక్కని రాగిగుండు చిట్లక లోతుగా పోవును గనుక, పాయింట్ 243లో 80, 85 గ్రెయిన్ల రాగిగుండు జింకకు చాలును. తేలికగుండు కోరువానికి నేను చెప్పదగిన మాట యిదియే.

ఎంత మంచి గుండైనను చోటు తప్పినచో వ్యర్థము. జింక పక్కగా నిలిచినపుడు ముందుకాలి వెనుక, ఊపిరితిత్తులపై గురి పెట్టవలెను. ఎదురుగానో వాలుగానో నిలిచినదానిని తేలికగుండుతో కొట్టరాదు. పరుగెత్తుదానిని అసలే కొట్టరాదు. సందేహము కలిగినచో తుపాకి దించుటయే వీరత్వము.

చట్టమును గూర్చి తల్లిదండ్రులు గట్టిగా చెప్పవలసినవి రెండు గలవు. పనివీసాపై అచ్చట నున్నవారు తుపాకిని గాని తూటాను గాని తమ యధీనమున నుంచుకొనుటకు అచ్చటి కేంద్రచట్టము సాధారణముగా ఒప్పుకొనదు. రాష్ట్రమిచ్చిన, చెల్లుబాటులో నున్న వేటలైసెన్సు కలవారికి మినహాయింపు గలదు. కనుక లైసెన్సు చేత లేక తుపాకి చేత పట్టరాదు. ఇక వేటకు తీసికొనిపోయిన సంచిని ఇంటికి వచ్చునపుడు తేరాదు. దాని మూలన మరచిన ఒక్క తూటా మన విమానాశ్రయమున బయటపడినను 1959 నాటి ఆయుధచట్టము క్రింద కేసు పెట్టుదురు. పండుగకు రావలసిన బిడ్డ ఠాణాలో నుండవలసివచ్చును.

సోదరులారా, దశరథుడు శబ్దమును నమ్మి బాణము వేసి మునికుమారుని చంపెను. పాండురాజు మృగరూపమున నున్న మునిని కొట్టి శాపము పొందెను. కొట్టునది యేదో, కొట్టినచో నేమగునో విచారింపనివానికి తరువాత పశ్చాత్తాపమే మిగులునని మన పెద్దలు ఏనాడో చెప్పిరి. మా మేనల్లుడు మరుసటి యేడు 85 గ్రెయిన్ల రాగిగుండుతో, నెలదినములు అభ్యాసము చేసి పోయెను. రెండు దినములు కూర్చుండి, తగిన అదను దొరకక గుండు పేల్చకయే తిరిగి వచ్చెను. ఆ వార్త విని నేను సంతోషించితిని. వేటకు పోవలదని మన పిల్లలకు చెప్పగలిగినచో చెప్పుడు. వినకపోయినచో ఈ నాలుగు మాటలైనను చెప్పుడు.