పడకముందే తెలిసికొనుట

లెక్కలు వ్రాసుకొనువాడు వైద్యమును గూర్చి మాటాడుట సాహసమే. కాని నేను చెప్పబోవునదియు ఒక విధమైన లెక్కయే గనుక మన్నింపుడు.

క్రిందటి సంవత్సరము మా తల్లిగారు పెరటిలో జారిపడిరి. ఎముక విరుగలేదు. కాని నెల దినముల వరకు ఆ సంగతి మాకు చెప్పలేదు. చెప్పినచో మంచము దిగనీయమని వారి భయము. ఆ భయము అకారణమని నేననలేను. మనము చేయునదియు అదియే కదా!

నేను కొంత చదివి, వైద్యునడిగి తెలిసికొన్నది మనవి చేసెదను. 1986 లో కొందరు వైద్యులు ‘లేచి నడచు’ పరీక్ష నొకదానిని ఏర్పరచిరి. 1991 లో కెనడాలో పొడ్సియాడ్లో, రిచర్డ్‌సన్ అనువారు దానికి గడియారమును చేర్చిరి. చేతుల కుర్చీలో కూర్చున్నవారు లేచి, మూడు మీటరులు నడచి, వెనుదిరిగి వచ్చి మరల కూర్చుండవలెను. వామనుడు మూడడుగులతో లోకములు కొలిచెను. వీరు మూడు మీటరులతో వార్ధక్యమును కొలుతురు. నిత్యము వాడు చెప్పులతో, అలవాటైన నడకతోనే నడవవలెను, చేతికఱ్ఱ యుండవచ్చును. ప్రక్కన ఒకరు నిలిచి కనిపెట్టవలెను. 12 సెకండ్లు గాని అంతకు మించి గాని పట్టినచో పడు ప్రమాదము కలదని అమెరికా ప్రభుత్వపు వ్యాధినివారణ సంస్థవారు చెప్పుదురు.

మా తల్లిగారి వయస్సు 78. పరీక్ష యనగానే కుచ్చెళ్లు ఎగదోపి పరుగెత్తబోయిరి! నచ్చజెప్పి నడిపించగా 17 సెకండ్లు పట్టినది. చేతులు ఱొమ్మున కట్టుకొని 30 సెకండ్లలో కుర్చీనుండి ఎన్నిసార్లు లేతురో చూచితిని. ఆ వయస్సు స్త్రీలకు పదికి తగ్గరాదు. వారు ఆరుసార్లు లేచిరి. ఒక పాదము మడమకు రెండవ పాదపు వ్రేళ్లను ఆనించి 10 సెకండ్లు నిలువవలెను; నాల్గింటికే గోడ పట్టుకొనిరి.

పరికరమక్కఱలేని పరీక్ష యొకటి యున్నది. తోడుగా నడచుచు పలుకరించినపుడు, బదులు చెప్పుటకై నడక ఆపువారు తరువాతి ఆరు నెలలలో తఱచుగా పడినట్లు 1997 లో స్వీడన్ దేశపు వైద్యులు ప్రకటించిరి.

అయినను అంకె తీర్పు కాదు. మోకాలి నొప్పి వలనను ఆలస్యము కావచ్చును. చుఱుకుగా నడచువారును పడవచ్చును. ఏడాదిలో ఎప్పుడైనను పడితిరా అని మొదట అడుగవలెను. అడుగుట కసరుట కారాదు. చూపు, మందులు, లేచి నిలిచినపుడు రక్తపుపోటు తగ్గుట వైద్యునిచే చూపించుకొనవలెను.

మా తల్లిగారి నిద్రమాత్రను వైద్యుడు క్రమముగా మాన్పించెను. దినమునకు రెండు పూటల కుర్చీనుండి లేచుట అభ్యాసము చేసిరి. వ్యాయామము వలన వృద్ధుల పాటులు దాదాపు నాల్గవవంతు తగ్గునని 2019 లో కాక్రేన్ సంస్థవారి సమీక్ష తేల్చినది. మూడు నెలలకు మా తల్లిగారికి 13 సెకండ్లు పట్టినది. ఇంకను గీతకు ఆవలనే యున్నారు.

వారు ఈ దినము సభకు రాలేదు. మన గ్రంథాలయపు మూడు మెట్లకు పట్టుకొనుట కేమియు లేదు. ఇనుపగొట్టము బిగించుటకగు ఖర్చు విచారించితిని. సగము నేనిచ్చెదను, తక్కిన సగమును గూర్చి కార్యవర్గమువారు ఈ సాయంకాలమే ఆలోచింప ప్రార్థన.