విమానమును ఒడ్డు చేర్చుట

గోదావరి రేవులలో బల్లకట్టు ఎక్కినవారికి ఫెర్రీ అనగా నేమో వేరుగా చెప్పనక్కరలేదు. మనుష్యులను, బండ్లను ఈ యొడ్డునుండి ఆ యొడ్డునకు చేర్చునది ఫెర్రీ. విమానముల విషయమున ఈ మాటకు కొంచెము వేరైన అర్థమేర్పడినది. ఇందు ప్రయాణికులుండరు, సరకుండదు, విమానమే సరకు. అమ్మినచోటినుండి కొన్నవారి చెంతకో, చెడినచోటినుండి మరమ్మతుశాలకో దానిని ఎగిరించి తీసికొనిపోవుటయే ఫెర్రీ ప్రయాణము. ఇందులకెంత ఖర్చగునో తెలుపుడని కొటేషను కోరునపుడు ముందుగా ఏయే వివరములు సిద్ధపరచుకొనవలయునో నేడు మనవి చేయదలచితిమి.

మా యింట విమానమెక్కడిదని శ్రోతలు నవ్వుకొనవచ్చును. కాని మన బిడ్డలు పలువురు నేడు విమానము నడుపుట నేర్చుకొనుచున్నారు. వారి శిక్షణకు వాడు చిన్న విమానములు పెక్కు అమెరికాలోనో, ఐరోపాలోనో తయారైనవి. వానిలో కొన్ని భాగములుగా విప్పబడి పెట్టెలలో ఓడనెక్కి వచ్చును. కొన్ని తమ రెక్కలతో తామే వచ్చును. అట్లు వచ్చునపుడు సముద్రముపై వానియందు ఒంటిగా కూర్చుండువాడు ఒక తల్లి బిడ్డయే.

ఈ వృత్తి యుద్ధకాలమున బలపడినది. 1940 నవంబరు 10వ తేదీ రాత్రి కెప్టెన్ బెన్నెట్ నాయకత్వమున ఏడు హడ్సన్ విమానములు న్యూఫౌండ్లండులోని గాండరునుండి బయలుదేరి, అట్లాంటికు సముద్రమును దాటి, మరునాడు ఉత్తర ఐర్లండు చేరినవి. రెండు నెలలైన కాకమునుపే, 1941 జనవరి 5న, విఖ్యాత వైమానికురాలు ఏమీ జాన్సన్ ఇంగ్లండులోనే ఒక విమానమును ఒక తావునుండి మరియొక తావునకు చేర్చుచు, వాతావరణము ప్రతికూలింపగా థేమ్సు నదీముఖమున పడి మరణించినది. 1930లో ఇంగ్లండునుండి ఆస్ట్రేలియాకు ఒంటరిగా ఎగిరిన ధీరురాలామె. దూరము కొంచెమైనంత మాత్రమున ప్రమాదము కొంచెము కాదని ఆ దుర్ఘటన చెప్పకయే చెప్పుచున్నది.

ఇక ప్రస్తుతమునకు వత్తము. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రమున ఒక సెస్నా 172 విమానమును కొని, హైదరాబాదునకు తెప్పించుకొనవలెననుకొందము. ఇట్టి సందర్భమున మేమును మొదట మూడు పంక్తుల జాబు వ్రాసి ఊరుకొంటిమి: విమానమిది, ఊరిది, ధరయెంత? నీళ్లలోని బఱ్ఱెకు బేరమాడినట్లయ్యెను మా పని. ఒకరు చెప్పిన ధరలో పెట్రోలు లేదు. ఒకరి ధరలో పైలటు తిరుగు ప్రయాణపు టిక్కెట్టు లేదు. మూడవవారు ధర చెప్పక ప్రశ్నలే పంపిరి. కొంతకాలమునకుగాని మాకు తెలియలేదు, ఆ మూడవవారే పని తెలిసినవారని.

మొదట వ్రాయవలసినది విమానపు పూర్వోత్తరములు. తయారీదారు, నమూనా, సంవత్సరము, క్రమసంఖ్య, రిజిస్ట్రేషను గుర్తు ఇవి. అమెరికా గుర్తు ఎన్ అక్షరముతోను, మన దేశపు గుర్తు వీటీ అక్షరములతోను మొదలగును. ఏ గుర్తుతో బయలుదేరునో ముందే తేల్చుకొనవలయును. పత్రములన్నియు దానినిబట్టియే యుండును. 1944 నాటి షికాగో ఒడంబడిక ననుసరించి అంతర్జాతీయ ప్రయాణము చేయు విమానమున రిజిస్ట్రేషను పత్రము, ఎగురుటకు యోగ్యమను పత్రము, సిబ్బంది లైసెన్సులు, ప్రయాణపు దినచర్య పుస్తకము, రేడియో లైసెన్సు ఉండితీరవలయును. వీనిలో ఏది లేకున్నను, ఏదాని గడువు తీరినను దాచక వ్రాయవలయును. యోగ్యతాపత్రము చెల్లని విమానమునకు ఒక్క ప్రయాణమునకై ప్రత్యేకానుమతి పొందు మార్గము కలదు. కాని దానికి కాలము పట్టును, కాలమునకు వెల కలదు.

రెండవది ఆరోగ్యము. విమానము కడపట ఎగిరినదెన్నడు? వార్షిక తనిఖీ ఎన్నడు జరిగినది? ఇంజను ఎన్ని గంటలు తిరిగినది? నూనె కారుచున్నదా? రేడియోలు, దిక్సూచి, ఆటోపైలటు పనిచేయుచున్నవా? నెలల తరబడి మూలబడి యున్న విమానమును సరాసరి సముద్రముమీదికి తోలరాదు; ముందు నేలకు దగ్గరగా ఎగిరించి చూడవలయును. ఆ ఖర్చును లెక్కలో చేర్చవలసినదే.

మూడవది ఇంధనము, బరువు. గుట్టంతయు ఇచ్చటనే యున్నది. ఈ విమానపు ట్యాంకులలో వాడుకకు వచ్చు పెట్రోలు సుమారు 200 లీటర్లు. ఆ పెట్రోలుతో పోగల దూరము ఇంచుమించు 1,185 కిలోమీటర్లు. కెనడాలోని గూస్ బేనుండి దక్షిణ గ్రీన్‌లండునకు దూరము సుమారు 1,200 కిలోమీటర్లు. అటనుండి ఐస్‌లండు రాజధాని రేక్యావిక్ అంతకు తక్కువ కాదు. ఎదురుగాలి వీచిన గతియేమి? కావున లోపలి ఆసనములు తీసి అదనపు ట్యాంకు అమర్చుట వాడుక. మరియొక 200 లీటర్లు పోసినచో 140 కిలోలకు పైగా బరువు పెరుగును. ఈ విమానము పైకి లేచునపుడు ఉండదగిన గరిష్ఠ భారము 1,157 కిలోలు మాత్రమే. అది మించినచో అధికారుల అనుమతి కావలయును. అందుచేత ఖాళీ విమానపు బరువు, దాని తూకపు లెక్క, గంటకెంత పెట్రోలు త్రాగునో, ఎంత వేగమున పోవునో ఉన్నదున్నట్లు వ్రాయవలయును. మరియు ఇట్టి ఇంజనుకు కావలసినది ఏవ్‌గ్యాస్. పెద్ద జెట్టు విమానముల కిరోసిను పనికిరాదు. ఇది అన్ని విమానాశ్రయములందు దొరకదు. 2022లో ఇండియన్ ఆయిల్ సంస్థ మన దేశముననే దీనిని తయారుచేసి విడుదల చేసినది. అయినను ఆగు ప్రతి తావునను ఇంధనము కలదని ముందుగా రూఢిచేసికొనక తప్పదు.

నాలుగవది కాలము. ఏ తేదీలోపల చేరవలయును? ఆలస్యమునకు ఎంత ఓర్చుకొనగలము? ఉత్తర అట్లాంటికుపై శీతకాలమున రెక్కలపై మంచు గట్టును. చిన్న విమానము దాని నోర్వలేదు. తొందరపెట్టి తేదీ విధించుట పైలటును మబ్బులోనికి నెట్టుటయే.

ఐదవది డబ్బు. పైలటు దినభత్యము, బస, తిరుగు టిక్కెట్టు, పెట్రోలు, దిగుటకు రుసుము, దేశదేశముల అనుమతులు, అదనపు ట్యాంకు అమరిక, రబ్బరు తెప్ప, చలినీటినుండి కాపాడు దుస్తులు, భీమా — వీనిలో ఏవి ధరలో చేరినవి, ఏవి విడిగా ఉన్నవి యని అడుగవలయును. వాతావరణము బాగులేక ఆగిన దినముల ఖర్చెవరిదో కాగితముమీద పెట్టించుకొనవలయును. మన భీమా ఆ పైలటునకు, ఆ సముద్రమునకు వర్తించునో లేదో భీమావారినే అడిగి తెలిసికొనవలయును. ఓడమీద పెట్టెలో పంపినచో ఎంత యగునో కూడ తెలిసికొని రెండు లెక్కలు ప్రక్కప్రక్కన పెట్టి చూచుట వివేకము.

వైద్యునియొద్దను, వకీలునొద్దను దాపరికము కూడదని మన పెద్దలందురు. ఆ వరుసలో ఫెర్రీ పైలటును కూడ చేర్చవలసినదే. ధర తగ్గునను ఆశతో నూనె కారుటను దాచితిమా, మిగిలినది పది రూకలు; దాని ఫలమనుభవించువాడు మనము కాము, గ్రీన్‌లండు మంచునీటిమీద ఒంటిగా నున్నవాడు. కొటేషనుకై వ్రాయు జాబును ముందుగా అతడే చదువునని తలచి వ్రాసినచో, అందు ఏ వివరమును మరువము, ఏ లోపమును మరుగుపరుపము.