పాత బాయిలరు తీసి కొత్త హీటరు పెట్టేముందు
(ప్రసంగ పాఠం)



బెంగళూరులోని చిక్కపేట, బళేపేట, హలసూరు వంటి పాత పేటలలో తరతరాలుగా స్థిరపడిన కుటుంబాలకు రాగి బాయిలరు పరిచయం చేయనక్కరలేదు. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న ఈ నగరంలో మార్గశిర, పుష్య మాసాల ఉదయాలు చలిగా ఉంటాయి. పసిపిల్లలు, వృద్ధులు ఉన్న ఇంటికి వేడినీళ్ళు విలాసం కాదు, నిత్యావసరం. దీపావళి సమయంలో కన్నడిగులు జరుపుకునే ‘నీరు తుంబువ హబ్బ’ నాడు స్నానాల గదిలోని అండాను చింతపండుతో తోమి, సున్నపు గీతలు తీర్చి, పసుపు కుంకుమలు పెట్టి, కొత్త నీళ్ళు నింపుతారు. మరునాటి తెల్లవారుజామున అభ్యంగన స్నానానికి ఆ నీళ్ళే కాగుతాయి.

అటువంటి బాయిలర్లు నేడు ఒక్కొక్కటిగా తొలగిపోతున్నాయి. కట్టెలు దొరకవు, పొగ ఇరుగుపొరుగులకు ఇబ్బంది, పాత పెంకుటిల్లు ఉన్నచోట అంతస్తుల మేడ లేస్తోంది. మార్పు అవసరమే. అయితే కొత్త పరికరం కొనేటప్పుడు సామాన్యంగా వినిపించే ప్రశ్నలు రెండే: ఎన్ని లీటర్లు, ఎంత ధర? వీటికి ముందు అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది. ఇందులో నిప్పు ఉన్నదా? ఉంటే, దాని పొగ ఎక్కడికి పోతుంది?

పాత బాయిలరు నిర్మాణంలోనే ఈ ప్రశ్నకు సమాధానం ఉండేది. రాగి పాత్ర నడుమ ఒక గొట్టం, దాని అడుగున నిప్పు, చుట్టూ నీళ్ళు. మంట వేడి గొట్టం ద్వారా నీటికి చేరగా, పొగ పైకి వెళ్ళి చిమ్నీ గుండా కప్పు దాటి పోయేది. ఆ గది కప్పుకు పెంకుల సందులు, గోడకు తలుపులేని చిన్న గవాక్షం ఉండేవి. ఎప్పుడైనా పొగ లోపలికి మళ్ళితే కళ్ళు మండేవి, దగ్గు వచ్చేది, ఎవరో ఒకరు తలుపు తెరిచేవారు. అంటే పొగే తన రాకను తాను చాటుకునేది. చిమ్నీ, గవాక్షం, పెంకుల సందులు అన్నీ కలిస్తేనే అది సంపూర్ణమైన బాయిలరు. ఇల్లు మార్చి కట్టినప్పుడు రాగి పాత్రతోపాటు ఇవన్నీ మాయమైనాయి. మిగిలినది నాలుగు గోడలూ టైల్సూ బిగువైన తలుపూ ఉన్న చిన్న గది.

ఆ గదిలో గ్యాసు గీజరు బిగిస్తే ఏమవుతుందో ప్రతి కుటుంబమూ తెలుసుకోవాలి. గ్యాసు మండడానికి ప్రాణవాయువు కావాలి. తలుపు మూసిన చిన్న గదిలో అది త్వరగా తరుగుతుంది. అప్పుడు గ్యాసు పూర్తిగా మండక కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్ళు మండవు, దగ్గు రాదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, తల తిరుగుడు, వికారం. ఆపైన కాళ్ళలో సత్తువ పోవడం, స్పృహ తప్పడం. ప్రమాదం గ్రహించేసరికి లేచి గడియ తీసే శక్తి ఉండదు. ఇలా స్నానానికి వెళ్ళి తిరిగి రానివారు ఈ నగరంలోనూ, దేశంలోని అనేక నగరాలలోనూ ఉన్నారు. పొగ కనిపించనంత మాత్రాన పొగ లేదనుకోరాదు.

కనుక గ్యాసు గీజరునూ సిలిండరునూ స్నానాల గది వెలుపల, గాలి ధారాళంగా ఆడే చోటనే అమర్చాలి. గదిలోనికి వేడినీటి గొట్టం మాత్రమే రావాలి. ఇప్పటికే లోపల బిగించి ఉంటే, దానిని వెలుపలికి మార్పించేవరకు వాడకపోవడమే క్షేమం. స్నానానికి వెళ్ళినవారు ఎంతసేపటికీ పలకకపోతే సందేహించకుండా తలుపు తెరవాలి, అవసరమైతే పగలగొట్టాలి. వారిని వెంటనే ఆరుబయటకు చేర్చి, గ్యాసు కట్టివేసి, 108కు ఫోన్ చేయాలి. లోనికి వెళ్ళినవారు కూడా అక్కడ ఎక్కువసేపు నిలబడరాదు.

విద్యుత్ గీజరులో మంట లేదు కనుక ఈ భయం లేదు. దాని జాగ్రత్తలు వేరు. 2,000 వాట్ల గీజరు దాదాపు 9 ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది. దీనికి విడి వైరు, 16 ఆంపియర్ల సాకెట్టు, సరైన ఎర్త్ ఉండాలి. కరెంటు లీకైన క్షణంలో సరఫరాను తెంచే ఆర్‌సీసీబీ పెట్టించుకోవడం మంచిది. నీటి పీడనం హద్దు మీరితే విడుదల చేసే సేఫ్టీ వాల్వ్ నుంచి చుక్కలు కారుతున్నాయని దానిని మూసివేయరాదు. బోరు నీటిలోని లవణాలు లోపల గట్టి పొరగా పేరుకుంటాయి కనుక ఏడాదికొకసారి శుభ్రం చేయించాలి. అద్దె గదులలో బకెట్టులో ఇమ్మర్షన్ రాడ్ పెట్టుకునేవారు స్విచ్ ఆపి, ప్లగ్ తీసిన తరువాతనే నీటిని తాకాలి.

ఖర్చు లెక్క కష్టమైనది కాదు. ఒక యూనిట్ విద్యుత్తు 100 లీటర్ల నీటి వేడిని సుమారు 8.6 డిగ్రీలు పెంచగలదు. నలుగురు తలా 20 లీటర్లు వాడితే, ఆ నీటిని 20 డిగ్రీలు పెంచడానికి రోజుకు దాదాపు 2 యూనిట్లు. గీజరును రోజంతా ఆన్‌లో ఉంచితే వృథా వేడి దీనికి తోడవుతుంది. నక్షత్రాలు ఎక్కువ ఉన్న గీజరులో ఈ వృథా తక్కువ.

మిద్దె మీద హక్కు ఉన్నవారికి సౌర హీటరు ఉత్తమం. బెంగళూరు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం వద్ద ఉంది కనుక ఫలకాలను దక్షిణముఖంగా ఏటవాలుగా అమరుస్తారు. పగలు కాగిన నీరు వేడి పోని తొట్టెలో నిలిచి మరునాటి ఉదయం స్నానానికి అందుతుంది. మబ్బు రోజులకు తొట్టెలోనే విద్యుత్ కాయిల్ పెట్టించుకోవచ్చు. కుళాయి తిప్పగానే ముందు గొట్టంలోని చన్నీళ్ళు వస్తాయి. దాదాపు 100 కిలోమీటర్ల దూరం నుంచి ఎత్తిపోసి తెచ్చిన కావేరి నీటిని మోరీ పాలు చేయక బకెట్టులో పట్టి ఇతర పనులకు వాడుకోవాలి. సౌర హీటరు ఉన్న గృహాలకు బెస్కాం బిల్లులో రాయితీ వర్తిస్తుందేమో విచారించడం మంచిది. ప్రస్తుత నియమాలను ఉపవిభాగ కార్యాలయంలో తెలుసుకోవచ్చు.

ఉద్యోగార్థమై కొత్తగా వచ్చి అద్దెకు దిగుతున్నవారికి ప్రత్యేక మనవి. గీజరును ఎంచుకునేది యజమాని, దాని కింద స్నానం చేసేది కిరాయిదారు. అందుచేత అడ్వాన్సు చెల్లించకముందే స్నానాల గది చూడాలి. లోపల గ్యాసు గీజరు ఉంటే ‘హొగె ఎల్లి హోగుత్తె?’ అని కన్నడంలోనే అడగవచ్చు. పొగ ఎక్కడికి పోతుందని దాని అర్థం. వెలుపలికి మార్చడానికి యజమాని ఒప్పుకుంటే, ఆ మాట ఒప్పంద పత్రంలో రాయించుకోవడం ఇద్దరికీ మంచిది.

తీసివేసిన రాగి బాయిలరును పాత సామాను వారికి ఉజ్జాయింపుగా ఇచ్చివేయక, ఎదుట తూకం వేయించాలి. రాగికి తగిన ధర ఉంది. అమ్మడానికి మనసొప్పనివారు పొయ్యి భాగం శుభ్రం చేయించి, పండుగనాడు నీళ్ళు నింపే పాత్రగా ఉంచుకోవచ్చు. ఆచారం నిలుస్తుంది, పొగ బాధ తప్పుతుంది.

ఈ రాత్రి ఇంటికి వెళ్ళిన ప్రతి ఒక్కరూ స్నానాల గది తలుపు మూసి, గాలి వచ్చే దారి ఎక్కడుందో చూడాలి. ఆ దారి కనిపించకపోతే, లోపల గ్యాసు గీజరు ఉంటే, రేపటి నుంచి దానిని వెలిగించరాదు.