దూది దుమ్ము ఊపిరితిత్తుల దగ్గర ఆగదు
(సర్వసభ్య సమావేశంలో ఆరోగ్య కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



బోనసు గురించి, కరువుభత్యం గురించి ఈ వేదిక మీద ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం. ఈరోజు మన ఊపిరి గురించి, గుండె గురించి మాట్లాడదలిచాం.

బ్లోరూములో, కార్డింగులో పనిచేసేవారికి ఒక సంగతి అనుభవమే. వారపు సెలవు తర్వాత మొదటిరోజు డ్యూటీలో కొన్ని గంటలు గడిచేసరికి ఛాతీ బిగబట్టినట్టు అవుతుంది, ఆయాసం వస్తుంది. మర్నాటికి తగ్గుతుంది. "సెలవు బద్ధకం" అని నవ్వి ఊరుకుంటాం. అది బద్ధకం కాదు. దూది దుమ్ము వల్ల వచ్చే బిస్సినోసిస్ జబ్బుకు తొలి గుర్తు. ఈ దశలో దుమ్ముకు దూరమైతే కోలుకోవచ్చు. ఏళ్ల తరబడి సాగితే ఆయాసం వారమంతా ఉంటుంది, శ్వాసనాళాలు శాశ్వతంగా ఇరుకైపోతాయి. బీడీ తోడైతే ఆ రోజు ఇంకా ముందే వస్తుంది.

ఇక గుండె మాట. గుండె కుడిభాగం రక్తాన్ని ఊపిరితిత్తుల్లోకి నెడుతుంది. అక్కడ ప్రాణవాయువు చాలకపోతే రక్తనాళాలు ముడుచుకుంటాయి, ఒత్తిడి పెరుగుతుంది. మూసుకుపోయిన గొట్టంలోకి పంపుతో నీళ్లు తోడినట్టు గుండె కష్టపడుతుంది. దాని గోడ మందమవుతుంది, సాగుతుంది, చివరికి అలసిపోతుంది. దీన్ని డాక్టర్లు కార్ పల్మొనేల్ అంటారు. పాదాలు వాస్తాయి, మెడ నరాలు ఉబ్బుతాయి, కాలేయం పెరిగి కుడి డొక్కలో బరువుగా ఉంటుంది. దీర్ఘకాల శ్వాసరోగం ఉన్నవారికి గుండెపోటు ప్రమాదం కూడా ఎక్కువే.

కాళ్ల వాపుతో ఆసుపత్రికి పోయిన మనవాళ్లకు చాలాసార్లు వచ్చే జవాబు ఒకటే: "వయసు మీదపడింది, బీడీ మానెయ్." బీడీ మానాల్సిందే, కాదనం. కానీ ఏ ఖాతాలో ఎన్నేళ్లు పనిచేశావని అడిగేవారేరి? ఆ ప్రశ్న కాగితం మీదికి ఎక్కకపోతే జబ్బు మనది, ఖర్చు మనది, పరిహారం సున్నా.

చట్టం మన పక్షాన ఉంది. బిస్సినోసిస్‌ను ఫ్యాక్టరీల చట్టం, 1948 తెలియజేయవలసిన జబ్బుల జాబితాలో చేర్చింది. ఇ.ఎస్.ఐ. చట్టం, 1948 వృత్తివ్యాధిగా గుర్తించింది. 2025 నవంబరు 21న ఆ చట్టాల స్థానంలో లేబర్ కోడ్‌లు వచ్చాయి. చట్టం పేరు మారిందని హక్కు పోయిందనుకోవద్దు. ఆస్‌బెస్టాస్ కార్మికుల కేసులో 1995లో సుప్రీంకోర్టు, పనిలో ఉన్నప్పుడూ రిటైరైన తర్వాతా ఆరోగ్య రక్షణ కార్మికుని ప్రాథమిక హక్కేనని తీర్పు చెప్పింది.

కనుక ప్రతి సభ్యుడూ చేయవలసినవి ఇవి:

1. ఛాతీ ఏ రోజు పట్టేసింది, ఏ ఖాతాలో పని, ఎన్నేళ్ల సర్వీసు అనేవి రాసి ఉంచుకోండి. డాక్టరుకు చెప్పి చీటీలో రాయించండి.

2. సెలవు తర్వాత మొదటిరోజు డ్యూటీకి ముందూ తర్వాతా ఊపిరి ఊదే పరీక్ష, అంటే స్పైరోమెట్రీ, చేయించమని అడగండి. ఎక్స్‌రే ఒక్కటే చాలదు.

3. పాదాలు వాస్తే ఆలస్యం చేయవద్దు. మందుల దుకాణంలో మాత్రలు కొని మింగవద్దు. రక్తంలో ప్రాణవాయువు బాగా తగ్గినవారికి రోజుకు కనీసం 15 గంటలు ఇంట్లో ఆక్సిజన్ పెడితే ఆయుష్షు పెరుగుతుంది.

4. షోలాపూర్‌లో మనవాళ్ల ఇళ్లలో మగవారు సాంచాల మీద, ఆడవారు బీడీల చాట ముందు ఉంటారు. పొగాకు దుమ్మూ దుమ్మే. ఇద్దరూ కలిసి పరీక్షకు రండి.

యాజమాన్యాన్ని మనం అడిగేది దయ కాదు. దుమ్మును పుట్టినచోటే లాగేసే యంత్రాలు కావాలి. గాలిగొట్టంతో ఊదడం మాని దుమ్మును పీల్చి తీయాలి. జబ్బుపడ్డవారికి జీతం తగ్గకుండా దుమ్ములేని ఖాతా ఇవ్వాలి. మూతికి గుడ్డ ఇచ్చి చేతులు దులుపుకుంటే ఒప్పుకోం.

నూలు మనం తీస్తాం, బట్ట మనం నేస్తాం. ఊపిరి కూడా ధారపోయమంటే కుదరదని ఒక్క గొంతుతో చెబుదాం.