ఒక నట్టు, రెండు వంతెనలు

ఈ రోజు కోడింగ్ లేదు. ఒక నట్టు గురించి మాట్లాడుకుందాం. ముందే చెప్తున్నా, నేను బీటెక్‌లో చదివింది కంప్యూటర్ సైన్స్. సివిల్ వాళ్ళెవరైనా చూస్తుంటే, ఎక్కడైనా తప్పు చెప్తే కామెంట్‌లో పట్టుకోండి.

అమెరికాలో కాన్సస్ సిటీ. అక్కడ హయత్ రీజెన్సీ హోటల్, తెరిచి ఏడాది అయిందంతే. 1981 జూలై 17, శుక్రవారం సాయంత్రం. లాబీలో డాన్స్ ప్రోగ్రామ్ నడుస్తోంది, దాదాపు 1,600 మంది ఉన్నారు. ఆ లాబీ మీదుగా, గాల్లో వేలాడుతూ నడిచి వెళ్ళే వంతెనలు ఉండేవి. వాక్‌వేలు అంటారు. రెండో అంతస్తు వాక్‌వేకి సరిగ్గా పైన నాలుగో అంతస్తుది. రాత్రి ఏడు దాటగానే పైది ఊడి కిందదాని మీద పడింది, రెండూ కలిసి జనం మీద పడ్డాయి. 114 మంది చనిపోయారు. 200 మందికి పైగా గాయాలు.

జనం ఎక్కువై కూలిపోయింది అనుకుంటాం కదా? కాదు. వాక్‌వేల మీద ఉన్నది పదుల సంఖ్యలోనే. అసలు సంగతి పైన జాయింట్‌లో ఉంది.

మొదటి డిజైన్ ఏంటంటే, సీలింగ్ నుంచి పొడవాటి ఇనుప రాడ్లు కిందికి దిగుతాయి. అదే రాడ్డు నాలుగో అంతస్తు వాక్‌వే బీమ్‌లోంచి దూరి, రెండో అంతస్తుదాకా వెళ్తుంది. ఒక్కో బీమ్ కింద ఒక నట్టు. ఎవరి బరువు వాళ్ళ నట్టు మీదే. కానీ అంత పొడవు రాడ్డుకి మరలు కొయ్యాలి, బిగించేలోపు అవి దెబ్బతినకుండా చూసుకోవాలి. స్టీల్ పని తీసుకున్న కంపెనీకి అది కష్టం అనిపించింది. అందుకని రాడ్డుని రెండు ముక్కలు చేశారు. ఒకటి సీలింగ్ నుంచి పై వాక్‌వే వరకు, ఇంకోటి పై వాక్‌వే నుంచి కింద వాక్‌వేకి.

తేడా ఏముంది అనిపిస్తోందా? నాకూ మొదట అర్థం కాలేదు. రైతుబజార్ నుంచి రెండు కవర్లు తెస్తున్నారనుకోండి, ఒక్కోటి ఐదు కిలోలు. రెండూ చేత్తో పట్టుకుంటే ఒక్కో కవర్ పిడి మీద ఐదు కిలోలే. ఇప్పుడు రెండో కవర్‌ని మొదటి కవర్ అడుగుకి కట్టేయండి. మీ చేతికి అప్పుడూ పది కిలోలే, ఇప్పుడూ పది కిలోలే. కానీ పై కవర్ పిడి మీద పడేది పది కిలోలు! అది తెగుతుంది. అక్కడా అంతే. నాలుగో అంతస్తు బీమ్ కింద ఉన్న నట్టు మీద రెండు వాక్‌వేల బరువూ పడింది. ఆ బీమ్‌లు రెండు స్టీల్ ముక్కలని పెట్టెలా వెల్డింగ్ చేసినవి, రాడ్డు రంధ్రం సరిగ్గా ఆ వెల్డింగ్ మీదే. చివరికి నట్టు బీమ్‌ని చీల్చుకుని బయటికి వచ్చేసింది.

తర్వాత ప్రభుత్వ సంస్థ పరిశోధన చేస్తే ఇంకో విషయం తేలింది. మొదటి డిజైన్‌ కూడా ఆ ఊరి బిల్డింగ్ రూల్స్ అడిగిన బలంలో 60 శాతమే. మార్చాక అందులో సగం.

మరి ఎవరూ చూడలేదా? మార్చిన డ్రాయింగ్ స్ట్రక్చరల్ ఇంజనీర్ల ఆఫీసుకి వెళ్ళింది, స్టాంపు పడి వెనక్కి వచ్చింది. ఆ జాయింట్‌కి లెక్క మాత్రం ఎవరూ వెయ్యలేదు. అది స్టీల్ కంపెనీ చూసుకుంటుందని ఇంజనీర్లు, ఇంజనీర్లు చూసే ఉంటారని స్టీల్ కంపెనీ.

ఇది చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. ఎందుకంటే ఆ స్టాంపు నేనూ వేశాను. మొదటి ఉద్యోగంలో, ఓ శుక్రవారం సాయంత్రం, క్యాబ్ కింద వెయిటింగ్‌లో ఉంది. టీమ్‌లో ఒకబ్బాయి పేమెంట్ కోడ్‌లో నాలుగు లైన్లు మార్చి రివ్యూకి పెట్టాడు. నాలుగు లైన్లే కదా అని అప్రూవ్ కొట్టేశా. వాడు టెస్ట్ చేసే ఉంటాడని నేను, నేను చూసే ఉంటానని వాడు. శనివారం పొద్దున్నకి కొంతమంది కస్టమర్లకి డబ్బు రెండుసార్లు కట్ అయింది. పాత వెర్షన్ పెట్టేశాం, రిఫండ్లు వేశాం, సోమవారం లంచ్ టైమ్‌కి అందరూ మర్చిపోయారు. నాకు రోల్‌బ్యాక్ బటన్ ఉంది, అంతే తేడా.

హోటల్ విషయానికొస్తే, స్థానిక పేపర్ వాళ్ళు సొంతంగా ఒక ఇంజనీర్‌ని పెట్టుకుని, నాలుగు రోజులకే ఈ రాడ్ల మార్పుని బయటపెట్టారు. దానికి మరుసటి ఏడాది పులిట్జర్ కూడా వచ్చింది. నాలుగు రోజుల్లో కనిపెట్టగలిగినదే అది. మిస్సోరీ రాష్ట్రం జాక్ గిల్లమ్, డేనియల్ డంకన్ అనే ఇద్దరు ఇంజనీర్ల లైసెన్సులు రద్దు చేసింది. డ్రాయింగ్ మీద సీలు ఎవరిదైతే, జాయింట్ బాధ్యత కూడా వాళ్ళదేనని తేల్చింది. ఆ గిల్లమ్ తర్వాత చాలా ఏళ్ళు ఇంజనీరింగ్ సదస్సుల్లో నిలబడి ఈ కథ తనే చెప్పాడు. అంతమంది ముందు అది చెప్పడం ఎలా ఉంటుందో నేను ఊహించలేను. నా నాలుగు లైన్ల సంగతి మీకు చెప్పడానికే నాకు ఐదేళ్ళు పట్టింది.

రెండు రాడ్ల బొమ్మ వీడియోలో పెట్టాను, ఒకసారి పాజ్ చేసి చూడండి. వచ్చే వారం న్యూయార్క్‌లో సిటీకార్ప్ బిల్డింగ్ గురించి చెప్తా. అక్కడ తన డిజైన్‌లో లోపం ఉందని ఇంజనీరే వెళ్ళి యజమానులకి చెప్పాడు. బై.