విమానాల స్టేషన్‌లో మన చదువు



ఆదోని బస్టాండులో ఎమ్మిగనూరు బస్సు ఏదో, కర్నూలు బస్సు ఏదో ఇప్పుడు మీరే బోర్డు చూసి చెబుతున్నారు. ఆ చదువు విమానాశ్రయంలోనూ పనికొస్తుంది.

విమానం డబ్బున్నోళ్ళకే అని ఒకప్పుడు అందరూ అనుకునేవారు. 2003లో ఎయిర్ దక్కన్ అనే సంస్థ తక్కువ ధర విమానాలు మొదలుపెట్టింది. 2017 నుంచి ఉడాన్ పథకం కింద చిన్న ఊళ్ళకూ విమానాలు వచ్చాయి. కర్నూలు దాటి నంద్యాల రోడ్డులో ఓర్వకల్లు ఉంది. అక్కడ 2021 మార్చిలో విమానాశ్రయం తెరిచారు. దానికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. ఆ నెలలోనే బెంగళూరు, చెన్నై, విశాఖపట్నాలకు విమానాలు మొదలయ్యాయి. విమానాల ఊళ్ళు, వేళలు మారుతుంటాయి. బయలుదేరే ముందే కనుక్కోవాలి.

ధర ఎట్లా తగ్గుతుంది? ఈ విమానాల్లో తిండికి వేరే డబ్బు కట్టాలి. సామానుకు లెక్క ఉంటుంది. మామూలుగా పెద్ద సంచి 15 కిలోలు, చేతిసంచి 7 కిలోలు. ఎక్కువైతే డబ్బు కట్టాలి. కాబట్టి ఇంట్లోనే తూకం వేసుకోండి. టికెట్ ముందుగా కొంటే చాలాసార్లు చౌకగా దొరుకుతుంది.

రెండు గంటల ముందే చేరుకోవాలి. వాకిలి దగ్గర టికెట్, ఆధార్ కార్డు చూస్తారు. రెండిటిలో పేరు ఒకటిగా ఉండాలి. టికెట్ కొన్న రోజే పేరు కూడబలుక్కుని చదవండి. తప్పుంటే అప్పుడే సరిచేయించుకోండి.

లోపల కౌంటరులో పెద్ద సంచి తీసుకుని, బోర్డింగ్ పాస్ అనే చీటీ ఇస్తారు. ఆ కౌంటరు గంట ముందే మూసేస్తారు. తర్వాత తనిఖీ. ఆడవాళ్ళను ఆడ సిబ్బందే తనిఖీ చేస్తారు. భయపడే పని లేదు. కత్తి, కత్తెర, కొడవలి, కారంపొడి చేతిసంచిలో పెట్టకూడదు. అగ్గిపెట్టె ఏ సంచిలోనూ వద్దు. జొన్నరొట్టె కట్టుకుపోవచ్చు. తాగే నీళ్ళు లోపల ఊరికే దొరుకుతాయి.

బోర్డింగ్ పాస్ మీద ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. అవి రాకపోయినా అంకెలు వచ్చు కదా! తేదీ, టైము, గేటు నంబరు ఎక్కువగా అంకెల్లోనే ఉంటాయి. సీటు నంబరులో అంకె పక్కన ఒక ఇంగ్లీషు అక్షరం కూడా ఉంటుంది. చీటీ మీది గేటు నంబరును తలుపు మీది నంబరుతో పోల్చి చూడండి. గేటు ఒక్కోసారి మారుతుంది. అందుకే టీవీ బోర్డు చూస్తుండాలి. అర్థం కాకపోతే సిబ్బందిని అడగండి. అడగడం నామోషీ కాదు. నడవలేని ముసలివాళ్ళకు చక్రాల కుర్చీ కావాలని ముందే చెప్పండి.

ఒక్క జాగ్రత్త. తెలియనివాళ్ళు "ఈ సంచి పట్టుకో అక్కా" అంటే పట్టుకోవద్దు. అందులో ఏముందో మీకు తెలియదు. దొరికితే బాధ్యత మీదే అవుతుంది.

వలస పోయిన కొడుకును చూడాలన్నా, బిడ్డ కాన్పుకు పోవాలన్నా తోడు కోసం నెలలు ఎదురుచూసే తల్లులు మన పల్లెల్లో ఉన్నారు. తన టికెట్ తాను చదువుకున్న తల్లికి ఆ ఎదురుచూపు తప్పుతుంది. బస్సైనా, రైలైనా, విమానమైనా అంతే. ఈసారి ఇంటికి ఏ టికెట్ వచ్చినా ముందు మీరే చేతిలోకి తీసుకుని చదవండి.