వేలములో కొన్న వీణ



గత సంవత్సరము మా పిల్లల సంగీతాభ్యాసమునకై అంతర్జాలపు వేలములో ఒక పాత వీణను 18,000 రూపాయలకు పాడితిమి. ‘బొబ్బిలి ఏకాండి వీణ’ యని వర్ణన. ఏకాండి యనగా కుండ, దండి ఒకే పనసమ్రానున తొలచినవి. ఇల్లు చేరినదానిలో కుండకును దండికిని నడుమ జిగురు అతుకు స్పష్టముగా నుండెను.

‘వేలపు సరకునకు దిక్కెవరు?’ అని మనలిలో పెద్దలు కొందరనిరి. అది పొరపాటు. వర్ణించి అమ్మిన సరకు వర్ణనకు సరిపోవలెనని 1930 నాటి సరకుల విక్రయ చట్టము. వేలమునకును అది వర్తించును. వర్తకుడైన విక్రేత అట్టి సరకును వాపసు తీసికొని సొమ్మీయ నిరాకరింపరాదని 2020 నాటి ఈ-కామర్స్ నియమములు.

మేము మొదట వర్ణన పుటను, అతుకును ఛాయాచిత్రములు తీసి భద్రపరచితిమి. విక్రేత వర్ణనను మార్చివేయవచ్చును గదా! అతడు ‘పాత వస్తువు, ఉన్నది ఉన్నట్లే’ అనెను. పాతదనమునకు మేము వగవలేదు. ఏకాండి కానందుకు వగచితిమి. పిమ్మట వేలము నడపు సంస్థయొక్క ఫిర్యాదుల అధికారికి వ్రాసితిమి. ఆయన 48 గంటలలో అందినట్లు తెలిపి, నెలలో పరిష్కరింపవలెను. 1915 సంఖ్యకును ఫోను చేసితిమి. అచ్చట తెలుగులోనే చెప్పుకొనవచ్చును. పందొమ్మిదవనాడు సొమ్ము వచ్చెను. వీణను తిరిగి పంపిన కూలి మాత్రము రాలేదు. ఆ కినుక మాకింకను కలదు.

రాకున్నచో రెండేండ్లలోపల, మన నివాసమున్న జిల్లా వినియోగదారుల కమిషనులోనే ఫిర్యాదు చేయవచ్చును. చెల్లించిన వెల 5 లక్షలలోపైన రుసుము లేదు.

పిల్లలిప్పుడు ఎరువు వీణపై సాధన చేయుచున్నారు. దసరా సెలవులలో బొబ్బిలి చెంత గొల్లపల్లికి మేమే పోయి, కన్నులార చూచి కొనదలచితిమి.